బరువు తగ్గే ఆపరేషన్ ఎంచుకోబోతున్న మేనకోడలికి

పర్లాకిమిడి నుంచి చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం అందింది. నాలుగు పుటల ఉత్తరంలో మూడున్నర పుటలు కిలోల గురించే ఉన్నాయి. జీర్ణకోశాన్ని కోసి సన్నగా చేసే స్లీవ్ అయితే ఎన్ని తగ్గుతాయి, అన్నాన్ని ప్రేగులోకి దారి మళ్లించే బైపాస్ అయితే ఎన్ని తగ్గుతాయి, విశాఖపట్నంలో ఒక డాక్టరుగారు స్లీవ్ అన్నారు, ఇంకొకరు మినీ బైపాస్ అన్నారు, ఎవరి మాట వినాలి అని అడిగావు. చివరి పుటలో మాత్రం, గుండెల్లో మంట వల్ల రాత్రిళ్లు రెండు తలగడలు ఎత్తు పెట్టుకుంటే గాని నిద్ర పట్టడం లేదనీ, మంచం పక్కన యాంటాసిడ్ సీసా ఉండవలసిందేననీ, ఏదో వేరే సంగతి చెబుతున్నట్లు ఒక్క వాక్యం రాసి వదిలేశావు. అమ్మా, నీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఆ మాట ఆ ఇద్దరు డాక్టర్లలో ఒక్కరికైనా చెప్పావా?

నేను డాక్టరును కాను, లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి. అయితే పదకొండేళ్ల క్రితం 118 కిలోల బరువుతో, ఆరేళ్ల షుగరుతో బైపాస్ చేయించుకుని, దాని మంచీ చెడూ ఇప్పటికీ ఒంటిమీద మోస్తున్నవాణ్ణి కనుక, ఆ అనుభవం మేరకు రాస్తున్నాను. 

ముందు నీ లెక్క నీకే చూపిస్తాను. నీ ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు, అంటే ఎత్తుకు తగ్గ బరువును కొలిచే బీఎంఐ 36.6. నీ ఎత్తుకు 60 కిలోలు తగిన బరువనుకుంటే 28 కిలోలు అదనం. ఫిన్లాండులో స్లీవ్ చేయించుకున్నవారినీ బైపాస్ చేయించుకున్నవారినీ పదేళ్లపాటు గమనించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, అదనపు బరువులో స్లీవ్ వారికి సగటున 43.5 శాతం, బైపాస్ వారికి 51.9 శాతం తగ్గి నిలిచిందని తేలింది. నీ 28 కిలోలకు ఈ శాతాలు వేసి చూడు. ఒకటి పన్నెండు కిలోలు, రెండోది పద్నాలుగున్నర కిలోలు. నువ్వు మూడున్నర పుటలు రాసిన విషయంలో పదేళ్ల తరువాత మిగిలే తేడా రెండున్నర కిలోల లోపే. అదే అధ్యయనంలో, ఆమ్లం పైకి తన్ని అన్నవాహిక పుండుపడినవారు స్లీవ్ చేయించుకున్నవారిలో 31 శాతం మంది ఉంటే, బైపాస్ వారిలో 7 శాతమే ఉన్నారు. తేడా ఉన్నది ఇక్కడ.

దానికి కారణం చెబుతాను. స్లీవ్‌లో జీర్ణకోశంలో ఇంచుమించు ముప్పాతిక భాగాన్ని, ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే పైభాగంతో సహా, కోసి బయటకు తీసేస్తారు. అరటికాయంత సన్నని గొట్టం మిగులుతుంది. ప్రేగుల జోలికి పోరు, కనుక ఆపరేషన్ సులువు, పోషకాల లోపమూ కొంత తక్కువ. కానీ ఆ ఇరుకు గొట్టంలో ఒత్తిడి పెరిగి, ఆమ్లం పైకి తన్నడానికి దారి ఏర్పడుతుంది. పైగా తీసేసిన భాగాన్ని మళ్లీ తెచ్చి పెట్టలేరు. బైపాస్‌లో జీర్ణకోశం పైకొసన 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీసి, దానికి చిన్నప్రేగును కలుపుతారు. మిగిలిన జీర్ణకోశం లోపలే ఉంటుంది గాని అన్నం దాని గుండా పోదు. సంచిలో ఆమ్లం తక్కువ, పిత్తరసం దూరం నుంచి వచ్చి కలుస్తుంది, అందుకే గుండెల్లో మంట చాలామందికి ఆపరేషన్‌తో తగ్గిపోతుంది.

మీ అత్తయ్య తమ్ముడి కథ నీకు సగమే తెలుసు. అతనికి మంట ఉందని తెలిసి కూడా ఒక ఆసుపత్రిలో, గొంతులోంచి సన్నని గొట్టం వేసి లోపల చూసే ఎండోస్కోపీ చేయకుండానే స్లీవ్ చేశారు. మొదటి ఏడాది ఇరవై ఆరు కిలోలు తగ్గి బంధువులందరి మెప్పూ పొందాడు. ఆ తరువాత మూడేళ్లు కుర్చీలో కూర్చునే నిద్రపోయాడు. చివరికి స్లీవ్‌ను బైపాస్‌గా మార్చవలసి వచ్చింది. రెండుసార్లు మత్తు, రెండుసార్లు ఖర్చు. అందుచేత నువ్వు ఏ ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందైనా ఎండోస్కోపీ చేయించుకో. అన్నవాహిక ఎలా ఉంది, జీర్ణకోశం పైకి ఛాతీలోకి జారే హయాటస్ హెర్నియా ఉందా, జీర్ణకోశంలో పుండ్లు పుట్టించే హెచ్ పైలోరీ క్రిమి ఉందా అన్న మూడు సంగతులూ రిపోర్టులో రాయించు. అన్నవాహికలో పుండు కనబడితే స్లీవ్ మాట నీ విషయంలో ఇంచుమించు ముగిసినట్టే. ఏమీ కనబడకపోతే స్లీవ్‌ను మళ్లీ ఆలోచించవచ్చు, దానికి నేను విరోధిని కాను.

ఇక మినీ బైపాస్. ఇది మన దేశంలో బాగా వాడుకలో ఉంది. మామూలు బైపాస్‌లో రెండుచోట్ల కలిపి కుడతారు, ఇందులో ఒక్కచోటే కనుక త్వరగా అవుతుంది, షుగరు మీద బాగా పనిచేస్తుంది. అయితే అన్నం పోకుండా ప్రేగును తరచు 150 నుంచి 200 సెంటీమీటర్ల దాకా తప్పిస్తారు, కనుక మాంసకృత్తులు సరిగా ఒంటపట్టకపోవచ్చు. కొందరికి పిత్తరసమే సంచిలోకి తన్నుతుంది. మీ అత్తవారింట గుడ్డు కూడా ముట్టరు కదా, అదే నా భయం. ఆపరేషన్ తరువాత రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులైనా లోపలికి పోవాలి. పప్పుకూర దాలమా, విరిగిన పాల ఛెనా, పెరుగు, మీల్‌మేకర్‌లతో పిడికెడు కడుపులో అంత సర్దడం ఎంత కష్టమో ఒక వారం ఇప్పుడే తూచి చూసుకో. సర్దలేకపోతే, పొడవుగా ప్రేగు తప్పించే ఆపరేషన్ వద్దు. ఎన్ని సెంటీమీటర్లు తప్పిస్తారని డాక్టరుగారిని నేరుగా అడుగు. ఆ ప్రశ్నకు విసుక్కునేవారి దగ్గర ఆపరేషన్ చేయించుకోవద్దు.

కడుపులో బెలూన్ వేయించుకుంటే చాలదా అని కూడా అడిగావు. అది సాధారణంగా ఆరు నెలలకు తీసేసేది, తీశాక చాలామందికి బరువు తిరిగి వస్తుంది, షుగరున్న నీకు దాని మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. జీర్ణకోశం చుట్టూ బ్యాండు వేయడం ఇప్పుడు చాలాచోట్ల మానేశారు.

షుగరు గురించి ఎవరైనా పూర్తిగా పోతుందని మాట ఇస్తే నమ్మకు. నీకు వచ్చి నాలుగేళ్లే అయింది, ఇన్సులిన్ లేదు, ఇవి మంచి లక్షణాలు. క్లోమంలో ఇంకా ఎంత శక్తి మిగిలిందో సీ పెప్టైడ్ పరీక్ష చెబుతుంది, అది చేయించు. నాకు ఎనిమిదేళ్లు మాత్రలు లేకుండా గడిచాయి, ఆ తరువాత ఒక మాత్ర మళ్లీ మొదలైంది. అయినా ఆ ఎనిమిదేళ్లు నాకు లాభమే.

బైపాస్ వైపు మొగ్గేముందు దాని అప్పులు కూడా తెలుసుకో. ఇనుము, కాల్షియం, విటమిన్ డి, బీ12 జీవితాంతం వేసుకోవాలి. ఇప్పటికే నీకు రక్తం తక్కువని అక్కయ్య చెప్పింది, ఆపరేషన్‌కు ముందే దాన్ని సరిచేయించుకో. తీపి తింటే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం రావచ్చు. ఒక పెళ్లిలో రెండు ముక్కల ఛెనాపోడ తిని అరగంట అరుగుమీద పడుకున్న ఘనత నాది. దానికంటే పెద్ద పొరపాటు ఇంకొకటి చేశాను. మూడో ఏట మోకాళ్ల నొప్పికి మందుల దుకాణంలో అడిగి ఐబూప్రొఫెన్ తెచ్చుకుని నెలరోజులు మింగాను. ప్రేగు కుట్టిన చోట పుండు పడి, విరేచనం నల్లగా అయి, రాత్రికి రాత్రి బరంపురం పరుగెత్తవలసి వచ్చింది. బైపాస్ అయినవారు ఆ జాతి నొప్పి మాత్రలు వాడకూడదని కాగితం మీద రాసే ఇచ్చారు, నేనే మరిచాను. పొగాకు కూడా అంతే. మీ వీధిలో ఆడవాళ్లు పళ్లకు రాసుకునే గుడాకు పొగాకే, నీకు ఆ అలవాటు ఉంటే నాకు చెప్పనక్కరలేదు, డాక్టరుగారికి చెప్పు.

మీ అత్తయ్య నా వెనుక నిలబడి రాయిస్తున్న మాట ఇది. రెండో బిడ్డ కావాలనుకుంటే ఆపరేషన్ తరువాత ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలట. గర్భనిరోధక మాత్రలు బైపాస్ తరువాత ఒంటపట్టకపోవచ్చు గనుక వేరే పద్ధతి ఏదో లేడీ డాక్టరును అడగమంటోంది.

డబ్బు విషయం. మనవాళ్లకు షుగరు వంటి జబ్బుంటే 32.5 బీఎంఐ నుంచే ఆపరేషన్ ఆలోచించవచ్చని వైద్యులు చెబుతూ వచ్చారు, ఇటీవలి అంతర్జాతీయ సూచనలు ఆసియావారికి ఇంకా తగ్గించాయి. బీమా కంపెనీల లెక్క వేరు. బీమా నియంత్రణ సంస్థ నిర్దేశించిన నిబంధన ప్రకారం బీఎంఐ 40 గాని అంతకు మించి గాని ఉండాలి, లేదా 35 గాని అంతకు మించి గాని ఉండి, అదుపులో లేని షుగరు, నిద్రలో ఊపిరి ఆగిపోయే తీవ్రమైన స్లీప్ ఆప్నియా వంటి జబ్బు ఉండాలి, మామూలు పద్ధతులు విఫలమై ఉండాలి. నువ్వు 36.6 దగ్గర ఉన్నావు. కాబట్టి మూడు నెలల షుగరు సగటు రిపోర్టులు, ఇంతకుముందు పాటించిన పథ్యం కాగితాలు ఏవీ పారేయవద్దు. అల్లుడుగారికి గురక వినిపిస్తోందంటే నిద్ర పరీక్ష కూడా చేయించు, అది మత్తు డాక్టరుకూ కావాలి.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు గుణుపురం నుంచి ఎంత దూరమో కూడా లెక్క వేసుకో. మొదటి ఏడాది నాలుగైదుసార్లు, ఆ పైన ఏటా ఒకసారైనా రక్తపరీక్షలతో వెళ్లవలసి ఉంటుంది. బైపాస్ అయినవాళ్లకు ఏళ్ల తరువాత కూడా ప్రేగు మెలిపడి, ఉన్నట్టుండి కడుపులో విపరీతమైన నొప్పి రావచ్చు. అప్పుడు గంటలు లెక్కకు వస్తాయి. అర్ధరాత్రి ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారు, దగ్గరలో ఏ సర్జనుకు ఈ ఆపరేషన్ గురించి తెలుసు అన్నవి ముందే రాసి పెట్టుకో.

నన్ను అడిగితే, ఎండోస్కోపీలో పుండు ఉంటే మామూలు బైపాస్, లేకుంటే నీ భోజనం సంగతి తూచి చూసుకున్నాక స్లీవ్‌కూ బైపాస్‌కూ మధ్య నిర్ణయం అంటాను. అంతకంటే ముందుకు ఉత్తరంలో చెప్పలేను. ఈ నెలలోనే పరీక్ష చేయించుకుని, రిపోర్టు చేతికి రాగానే ఆదివారం చూసుకుని గుణుపురం రైలెక్కి అల్లుడుగారితో కలిసి ఇక్కడికి రా. నా పాత కాగితాలన్నీ బీరువాలోంచి తీసి ఉంచుతాను. వచ్చేలోపు వారం రోజులు ఏం తిన్నావో, ఎంత తిన్నావో ఒక నోటుపుస్తకంలో రాసి తీసుకురా, పెళ్లిళ్లలో తిన్నవి కూడా.

ఇట్లు,
ఆశీస్సులతో
మీ మావయ్య