పచ్చి కుండ మీద రంగుమట్టి వేసే ముందు

అమ్మలూ,

మన విజయనగరం కుండలు చేసే గుంపులో చేరి నెల తిరక్కుండానే నీ మనసు రంగుపూతల మీదికి పోయిందని విన్నాను, చాలా సంతోషం. ముగ్గులేసిన చెయ్యి, నీ గీతకి వంక పెట్టలేం. నువ్వు డిజైన్ల గురించి అడిగావు గానీ నేను ముందు మట్టి గురించే చెప్తాను. పెచ్చులూడిన పువ్వుల్లో చాలావాటికి తప్పు గీతలో కాదు, మట్టిలోనే ఉంటుంది.

ఈ రంగు పెయింట్ కాదమ్మా. నీళ్లలో కలిపిన మట్టి, అందులో రంగు కోసం కొంచెం ఆక్సైడ్ అనే లోహపు పొడి, అంతే. ఆరేటప్పుడు పూతా ముడుచుకుంటుంది, కింద కుండా ముడుచుకుంటుంది. ఆ రెండిటికీ పొత్తు కుదరకపోతే ముందు అంచుల దగ్గర లేచి తర్వాత రాలిపోతుంది. అందుకని వీలైనంత వరకు కుండ చేసిన మట్టితోనే పూత చేసుకో. ఆ మట్టిని బాగా ఎండబెట్టి, చిదిపి, నీళ్లలో వదిలేస్తే దానంతటదే విడిపోతుంది. తడిముద్దని పిసుకుతూ కూర్చోవద్దు, ఉండలు పోవు. 80 నంబరు జల్లెడలో వడగట్టాక చిక్కటి మజ్జిగలా ఉండాలి, సన్నమొన ట్యూబులోంచి పిండి గీసేదానికైతే ఇంకొంచెం చిక్కగా.

చిక్కెక్కడంటే, మన చెరువుమట్టిలో ఇనుముంది, కాలితే ఎర్రబడుతుంది, దాంతో చేసిన పూతలో నీలం కలిపితే మురికి నలుపు తేలుతుంది. నీలం, ఆకుపచ్చ కావాలంటే తెల్లపూత చేసుకోక తప్పదు. చైనా క్లే అనే తెల్లమట్టి, బాల్ క్లే అనే జిగురుమట్టి సగం సగం కలిపి మొదలుపెట్టు. ఈ తెల్లమట్టి మన ఎర్రమట్టి అంతగా ముడుచుకోదు కాబట్టి కుండ ఇంకా చెమ్మగా ఉండగానే వెయ్యాలి, అయినా లేస్తుంటే బాల్ క్లే పాలు పెంచి చూడు. చెమ్మ సరిపోయిందో లేదో గోరుతో నొక్కితే తెలుస్తుంది: గోటి గుర్తు పడాలి, గోడ మాత్రం లొంగకూడదు. లోపలా బయటా ఒకేరోజు పూయకు. పల్చటి గిన్నె ఆ నీళ్లు తాగి చతికిలపడిపోతుంది. లోపల పూసి, తడి మెరుపు పోయాక, మర్నాడు బయట వెయ్యి. వేసవిలో అంచులు ముందే ఆరిపోతాయి, వాటికి ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంచు.

రంగులు చెంచాలతో కొలవొద్దు, తూకం వెయ్యి. 1000 గ్రాముల ఎండుమట్టికి కోబాల్ట్ ఆక్సైడ్ 10 నుంచి 20 గ్రాములు చాలు, ఎర్ర ఐరన్ ఆక్సైడైతే 50 నుంచి 80 పడుతుంది. బకెట్‌లో కనిపించే రంగు చూసి మాత్రం టెన్షన్ పడకు, నల్లగా ఉన్న కోబాల్టే గ్లేజు, అంటే గాజులా మెరిసే పైపూత, కింద కాలాక నీలమవుతుంది. అందుకే ప్రతి కొత్త పూతకీ చిన్న బిళ్ల ఒకటి కాల్చి, వెనకాల తూకం గీసిపెట్టుకో. మన ఊరి కుమ్మరి ఆవంలో కాల్చేటట్టయితే ఈ నీలం, ఆకుపచ్చ రంగులన్నీ పక్కన పెట్టెయ్, గ్లేజు లేకుండా అవి పలకవు. అక్కడ జేగురు, తెల్లపూత, రెండే అందం.

ఒక్కటి గట్టిగా చెప్తున్నాను, వినాలి. గరివిడి, చీపురుపల్లి దిక్కున మాంగనీసు గనులున్నాయి కదా అని నలుపు రంగు కోసం ఆ నల్లరాయి తెచ్చి ఇంట్లో నూరొద్దు. ఆ దుమ్ము ఊపిరితో లోపలికి పోతూ ఉంటే నరాలు, మెదడు దెబ్బతింటాయి. దాన్ని కాల్చేటప్పుడు వచ్చే పొగా మంచిది కాదు. పొడి ఏదైనా సరే మాస్కు లేకుండా కలపకు, బల్ల చీపురుతో ఊడవకు, తడిగుడ్డతో తుడువు. రాగి కలిపిన ఆకుపచ్చని పచ్చళ్లు, చారు పోసే గిన్నెల లోపల వెయ్యకు. పులుపు తగిలితే గ్లేజులోంచి రాగి దిగొచ్చు, బయట వేసుకో ఎంతైనా.

ఇప్పుడు డిజైన్. సీతంపేట దిక్కు సవర గిరిజనుల ఇళ్లలో ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా వేసిన బొమ్మలు చూడు. ఎరుపు మీద తెలుపు, మనం చేసేదీ అదే. అవి వాళ్ల పూజకి చెందినవి కాబట్టి ఆ బొమ్మలు దించొద్దు, సన్నటి గీతతో ఎంత చెప్పారో మాత్రం నేర్చుకో. మొదట్లో ట్యూబు కన్నా గీకడమే నీకు నప్పుతుంది: తెల్లపూత వేసి, వేలికి అంటకుండా ఆరాక, వాడేసిన బాల్‌పెన్ మొనతో గీకితే కింద ఎరుపు బయటపడుతుంది. లేచిన రజను అప్పుడే తుడవకు, పూర్తిగా ఆరాక మెత్తటి బ్రష్‌తో తడితే పోతుంది, తడిమీద రుద్దితే గీతలన్నీ అలుక్కుపోతాయి.

గుంపు బకెట్ల విషయంలో నువ్వు నాకు మాటివ్వాలి. నీలంలో పెట్టిన బ్రష్ తెల్లలో ముంచకు. కోబాల్ట్ చుక్క పడితే పదిమంది తెల్లపూత పాడవుతుంది, అది కాలాక గానీ బయటపడదు. మూత మీద పేరు, తేదీ రాయి. చేతులు, బ్రష్‌లు కడిగిన నీళ్లు సింకులో పొయ్యకు, పెద్ద బకెట్‌లో పోసి మర్నాడు పైనీరు వంపేస్తే అడుగున మట్టి మిగులుతుంది. దాన్ని విడిగా ఎత్తిపెట్టు, నేను వచ్చాక చూద్దాం.

మీ పెద్దమ్మ