పాత బుల్లెట్ ప్రైమరీ ఆయిల్: కొలత కన్నా లెవెల్ స్క్రూ ముఖ్యం

మీ పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 సర్వీసులో మెకానిక్ ప్రైమరీ చైన్‌కేస్‌లో (ఇంజిన్ నుంచి క్లచ్‌కి వెళ్లే చైన్, క్లచ్ ఉండే పెట్టె) ఆయిల్ లీటరు దాకా పోశాడని, అప్పటి నుంచి సింహాచలం కొండ ఎక్కేటప్పుడు క్లచ్ జారుతోందని రాశారు. లీటరు చాలా ఎక్కువండి. దానికి పట్టేది సుమారు 420 మి.లీ. మాత్రమే.

అయినా కొలపాత్రను నమ్ముకోకండి, పాత ఆయిల్ కొంత లోపలే ఉండిపోతుంది. చైన్‌కేస్ కవర్ మీద కింది భాగంలో లెవెల్ స్క్రూ ఉంటుంది. చదునైన నేల మీద బండికి సెంటర్ స్టాండ్ వేసి, కింద పళ్లెం పెట్టి, ఆ స్క్రూ తీయండి. ఎక్కువున్నదంతా ధారగా వచ్చేస్తుంది. చుక్కలు ఆగాక బిగించండి. సముద్రం పక్క ఊరు కదా, స్క్రూ తుప్పు పట్టి ఉంటే బలవంతం చేయకుండా ముందు తుప్పు వదిలే స్ప్రే కొట్టి కాసేపు ఆగండి.

ఆ తర్వాతా జారితే ఏ ఆయిల్ పోశారో అడగండి. కారు ఆయిల్ అయితే మొత్తం మార్చాల్సిందే. జాసో ఎంఏ (ఆయిల్‌లో తడిసే క్లచ్ ఉన్న బైకులకు సరిపోతుందనే గుర్తు) అని రాసి ఉన్న 20డబ్ల్యూ50 చిక్కదనం ఆయిల్ తీసుకోండి. క్లచ్ కేబుల్‌కి కాస్త ఆట (వదులు) ఉందో లేదో కూడా చూడండి.

కొన్ని వారాల్లో లెవెల్ దానంతట అదే పెరిగితే మాత్రం ఇంజిన్ ఆయిల్ ఇటు రాకుండా ఆపే సీల్‌ని అనుమానించాలి. తగ్గిపోతుంటే కవర్ రబ్బరు సీల్ మార్చించండి, అది ఖరీదైన పని కాదు.