బండి పక్కన పైపు మనమే కట్టుకోవచ్చా?

ప్రశ్న: సార్, నా దగ్గర సెకండ్ హ్యాండ్ బొలేరో క్యాంపర్ ఉంది. ఆదివారం వస్తే ఫ్రెండ్స్‌తో పాడేరు, వంజంగి వైపు పోతుంటాం. పోయిన నెల మట్టిదారిలో బండరాయి ఎక్కి దిగుతుంటే పక్క ఫుట్‌రెస్ట్ వంగిపోయి డోర్ కింద బాడీకి సొట్ట పడింది, ఇప్పుడు డోర్ గట్టిగా గుద్దితే గానీ పడట్లేదు. రాళ్ళు బాడీకి తగలకుండా బండి పక్కన కింద కట్టే గట్టి పైపులు, అదే రెడీమేడ్ రాక్ స్లైడర్ల రేటు చూస్తే కళ్ళు తిరిగాయి. మా బావమరిదికి వెల్డింగ్ షాపు ఉంది, పైపు కొను మనమే కట్టేద్దాం అంటున్నాడు. ఏ పైపు కొనాలి? - ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: కట్టుకోవచ్చండి, బావమరిదే వెల్డర్ అయితే కూలి ఖర్చు మిగిలినట్టే. కాకపోతే మీరు పైపు గురించి అడిగారు, నేను ముందు ఆ పైపు దేన్ని పట్టుకుని ఉండాలో చెప్తాను. ఫుట్‌రెస్ట్ మనిషి కాలు పెట్టి ఎక్కడానికి చేసింది, స్లైడర్ మీద ఒకటిన్నర టన్ను దాటిన బండి ఓ పక్క బరువంతా దింపుతుంది, అందుకని అది చాసిస్‌కే (బాడీ కింద ఉండే ఇనప ఫ్రేముకే) పట్టాలి, బాడీకి అస్సలు కాదు. మీ బండిలో బాడీ రబ్బరు బుష్‌ల మీద కూర్చుని విడిగా ఊగుతుంది కదా, పైపుని రెండిటికీ కలిపి కట్టారంటే కొన్నాళ్ళకి ఎక్కడో చోట రేకు చిరుగుతుంది. బాడీకీ పైపుకీ మధ్య వేలు దూరేంత సందు వదలండి.

పైపు సంగతికొస్తే, షాపులో ఒకటిన్నర ఇంచి పైపు అంటే బయట కొలత ఒకటిన్నర ఇంచి ఉండదు, 48.3 మిల్లీమీటర్లు ఉంటుంది. పసుపు గీత ఉన్నది ఎ క్లాస్, వద్దు. నీలం గీత బి క్లాస్, మందం 3.2 మిల్లీమీటర్లు. ఎర్ర గీత సి క్లాస్, 4 మిల్లీమీటర్లు, మీటరు దాదాపు 4.4 కిలోలు తూగుతుంది, నేనైతే అదే తీసుకుంటాను. జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్నది, చవగ్గా దొరికిందని తెచ్చి వెల్డింగ్ పెట్టొద్దు, జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది, నల్ల పైపే కొనండి. (స్టీల్ ప్లాంట్ మన ఊళ్ళోనే ఉంది కదా పైపు అక్కడిదే అనుకునేవాళ్ళు ఉన్నారు, అక్కడ తయారయ్యేది రాడ్లూ స్ట్రక్చరల్సూనండి బాబూ.)

పైపుని చాసిస్‌కి కలిపే కాళ్ళు ఒక్కో పక్క మూడుకి తక్కువ కాకుండా పెట్టండి, నాలుగైతే మంచిది. ప్రతి కాలు వెనకా 6 మిల్లీమీటర్ల ప్లేటు ఉండాలి, లేకపోతే దెబ్బంతా ఒక్కచోట పడి చాసిస్ సొట్ట పోతుంది. చాసిస్ సి ఆకారంలో ఉంటే వెల్డింగ్ కన్నా బోల్టులే మేలు, ఉన్న రంధ్రాలు వాడుకోండి, కొత్తవి పెట్టాల్సొస్తే నిలువు గోడ మధ్యలోనే, పై అంచుకీ కింది అంచుకీ డ్రిల్ ముట్టించొద్దు. వెల్డింగే చేస్తామంటే చాసిస్ మీద పైనుంచి కిందకి నిలువు గీతలా వేయకండి, ఆ గీత వెంబడే పగులుతుంది, ప్లేటుని డైమండ్ ఆకారంలో కోసి ఏటవాలుగా వేయమనండి. మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యాలి, డీజిల్ టాంకు, బ్రేక్ పైపులు ఎటు ఉన్నాయో కిందికి దూరి చూసుకోవాలి, పక్కన తడి గోనె ఒకటి ఉండాలి. ఇది మన వెల్డర్లు నవ్వి వదిలేసే విషయం, మీరు నవ్వకండి.

అయిపోయాక ఆ పైపు కిందే జాకీ పెట్టి టైరు నేల వదిలేదాకా లేపండి, కింద మనిషి లేకుండా. వంగినా జాయింట్ దగ్గర పెయింట్ చిట్లినా పని మళ్ళీ మొదటికొచ్చినట్టే.

బోల్టులు మేలనడానికి ఇంకో కారణం ఉంది. 2017 డిసెంబర్‌లో కేంద్రం రాష్ట్రాలకి రాసిన లెటరు బంపర్ ముందు క్రాష్ గార్డుల గురించే, పక్క పైపుల గురించి కాదు, కానీ బండి మార్పులకి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, అనుమతి లేని మార్పుకి 182ఏ కింద ఒక్కోదానికి 5,000 ఫైన్, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి, తియ్యమంటే బోల్టులైతే గంటలో వచ్చేస్తాయి. పైపు కొస బయటికి పొడుచుకు రాకూడదు, గాజువాక ట్రాఫిక్‌లో పక్కన స్కూటీ వాళ్ళ మోకాళ్ళుంటాయి.

ప్రశ్న: స్లైడర్లు కట్టించి ఆర్నెల్లు కాలేదు, పైపు లోపల్నుంచి తుప్పు కారుతోంది. బయట పెయింట్ బాగానే ఉంది. - భీమిలి నుంచి ఒకరు

జవాబు: బీచ్ ఊరు కదండీ. కొసలు మూసి ఉండవు, లేదా మూసినచోట వెల్డింగ్‌లో సూది రంధ్రం ఉంటుంది, ఉప్పు తేమ లోపలికి పోతుంది, బయటికి రాదు. రెండు కొసలూ పూర్తిగా సీల్ చేయించడమో, లేదా కింద వైపు రెండు చిన్న రంధ్రాలు పెట్టి నీళ్ళు కారనివ్వడమో చేయాలి, సగం సగం పనికిరాదు. మీది ఇప్పటికే పట్టింది కాబట్టి రంధ్రాలే పెట్టించి, లోపలికి పాత ఇంజనాయిల్ పోసి అటూ ఇటూ ఊపి వంపేయండి, వంపిన ఆయిల్ ఇసకలో కాకుండా డబ్బాలో పట్టండి. ఇసకలో తిరిగొచ్చిన రోజు కింద మంచినీళ్ళతో కడగండి, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే అవి వద్దు.