నేల తడవదు, కూలెంట్ తగ్గుతుంది: లీకు ఎక్కడ?

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల నాటి డీజిల్ కారు. వారానికి రెండు మూడు సార్లు విజయనగరం, నెలకోసారి సాలూరు ఘాట్ మీదుగా కొరాపుట్ వెళ్లి వస్తుంటాను. మూడు నెలలుగా రిజర్వు ట్యాంకులోని కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పదిహేను రోజులకోసారి పై గీత నుంచి కింది గీతకు దిగిపోతోంది. కారు నిలిపే చోట ఒక్క మరకైనా కనబడదు. ఒక మెకానిక్ మొదట రేడియేటర్ మూత, తరువాత పై హోస్ పైపు మార్చారు. అయినా తగ్గడం ఆగలేదు. ఇంకొకరు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కు, కింది బ్లాకుకు మధ్య ఉండే సీలు) పోయిందని, ఇంజిన్ హెడ్ దించాలని అంటున్నారు. దించమని చెప్పమంటారా?
– ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు చెప్పినంతలో లీకును ఇంకా ఎవరూ కళ్లతో చూడలేదు. చూడకుండానే రెండు భాగాలు మారిపోయాయి, మూడోది అన్నిటికంటే ఖరీదైన పని. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు, కానీ ఆ మాట పరీక్ష చెప్పాలి.

నేల మీద మరక లేనంత మాత్రాన లీకు బయట లేదని అనుకోకండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు సన్నగా ఊరే కూలెంట్, వేడి లోహం తగలగానే నీరు ఆవిరైపోయి, తెల్లటి పొరగానో ఆకుపచ్చ, గులాబీ రంగు చారగానో అక్కడికక్కడే ఎండిపోతుంది. చాలా కార్లలో ఇంజిన్ కింద బిగించిన ప్లాస్టిక్ తొడుగు కూడా కారిన చుక్కలను పట్టేసుకుంటుంది. కాబట్టి ఆ తొడుగు విప్పించి, మరునాడు తెల్లవారుజామున ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండగా టార్చిలైటుతో వెతకండి. తడి కోసం కాదు, ఎండిన చార కోసం. కొన్ని జాయింట్లు చల్లగా ఉన్నప్పుడే కారుతాయి, ఎందుకంటే లోహం ముడుచుకుని క్లిప్పు పట్టు సడలుతుంది. రాత్రి కారు కింద శుభ్రమైన అట్టపెట్టె ముక్క పరిచి ఉంచితే ఆ చుక్క ఏ మూల పడిందో పొద్దున్నే తెలుస్తుంది. ఎ.సి. నుంచి పడే నీటిని చూసి కంగారు పడకండి, దానికి రంగూ జిగటా ఉండవు.

ఎక్కువగా మోసం చేసేది కూలెంట్‌ను ఇంజిన్‌లో తిప్పే వాటర్ పంపు. పంపు లోపలి సీలు అరిగినప్పుడు కూలెంట్ బేరింగులోకి పోకుండా బయటికి వచ్చేందుకు పంపు ఒంటికి ఒక చిన్న రంధ్రం పెట్టి ఉంటారు. దాని కింద ఎండిన చార గట్టిగా పేరుకుని ఉంటే పంపు పని అయిపోవచ్చిందని అర్థం. కొన్ని ఇంజిన్లలో ఈ పంపు టైమింగ్ బెల్టు కవరు వెనుక దాగి ఉంటుంది కనుక కవరు తీయకుండా తేల్చడం కష్టం. వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే థర్మోస్టాట్ ఉండే గూడు మీ కారులో ప్లాస్టిక్‌దైతే దాని అతుకును, రేడియేటర్ అల్యూమినియం భాగానికి ప్లాస్టిక్ ట్యాంకులు కలిసే అంచులను కూడా వేలితో తడిమి చూడండి. మార్చిన రేడియేటర్ మూత మీద ముద్రించిన ఒత్తిడి అంకె పాతదాని అంకెతో సరిపోయిందో లేదో కూడా చూడండి. బయటి గాలి ఒత్తిడి కంటే సుమారు 1 బార్ ఎక్కువ ఒత్తిడి దగ్గర మంచినీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. మూత ఆ ఒత్తిడిని నిలపలేకపోతే ఘాట్ ఎక్కేటప్పుడు కూలెంట్ పొంగి బయటికి పోయి, కిందికి దిగేసరికి ఆరిపోతుంది.

కంటికి ఏమీ దొరకకపోతే ప్రెషర్ టెస్ట్ చేయించండి. ఇది గంటలోపు అయ్యే పని, హెడ్ దించే ఖర్చులో చాలా చిన్న వంతు. చల్లారిన ఇంజిన్‌కు మూత ఉన్న చోట చేతి పంపు బిగించి, మూత మీది అంకె వరకే గాలి ఎక్కించి, పది పదిహేను నిమిషాలు పంపు మీద ఒత్తిడి చూపే ముల్లును గమనించాలి. అంకె దాటి ఎక్కించడం మాత్రం పాత రేడియేటర్‌కు ప్రమాదం. ముల్లు దిగుతూ బయట ఎక్కడో తడి కనబడితే లీకు దొరికినట్టే. ముల్లు దిగుతూనే బయట అంతా పొడిగా ఉంటే అప్పుడు లీకు లోపల ఉందని అనుకోవాలి.

లోపల అంటే హెడ్ గ్యాస్కెట్ ఒక్కటే కాదు. మన ప్రాంతంలో హీటర్ వేసేవారు తక్కువ కాబట్టి డాష్‌బోర్డు వెనుక వేడి కూలెంట్ తిరిగే హీటర్ కోర్ కారుతున్నా చాలా రోజులు తెలియదు. ఎడమ వైపు చాప కింద చెయ్యి పెట్టి చూడండి. తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉన్నా, ముందు అద్దం లోపలి వైపు నూనె పొరలాంటి మసక పదే పదే పడుతున్నా అనుమానం దాని మీదే. మీది డీజిల్ కారు కాబట్టి ఇంజిన్ పొగలో కొంత భాగాన్ని కూలెంట్‌తో చల్లార్చి తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఇ.జి.ఆర్. కూలర్‌ను మరచిపోకూడదు. అది లోపల చిల్లిపడితే కూలెంట్ ఇంజిన్‌లోకో సైలెన్సర్ దారిలోకో పోయి, తెల్లటి పొగగా వెళ్లిపోతుంది. చూసినవారు గ్యాస్కెట్ అనే అనుకుంటారు.

ఇక గ్యాస్కెట్ మాటకు వస్తే, రేడియేటర్ మూత దగ్గర పట్టిన గాలిలో ఇంజిన్ మండించిన వాయువు ఉంటే నీలం ద్రావణం రంగు మారే పరీక్ష ఒకటి ఉంది. దాన్ని అడిగి చేయించండి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారితే అది పెద్ద సాక్ష్యం. అయితే వానాకాలంలో దగ్గర దూరాలే తిరిగే కారులో ఆయిల్ మూత కింద కాస్త మీగడలాంటిది పేరుకోవడం మామూలే, అది ఒక్కటే చూసి హెడ్ దించకండి. ఈ పరీక్షల తరువాత కూడా వేలు గ్యాస్కెట్ వైపే చూపితే అప్పుడు నిశ్చింతగా పని అప్పగించండి.

అంతవరకు ఘాట్ ప్రయాణం వాయిదా వేయండి. తప్పనిసరైతే డాష్‌బోర్డులో ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి ఎక్కగానే పక్కకు ఆపి, చల్లారేదాకా మూత జోలికి పోవద్దు. వేడి మీద తిప్పిన మూతతో పాటు మరిగిన ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది.

ప్రశ్న: రేడియేటర్ కారుతుంటే దారిలో మెకానిక్ పసుపు వేశారు. లీకు ఆగింది. అలాగే ఉంచవచ్చా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: ఇల్లు చేరడానికి అది సరిపోయింది, మెకానిక్ చేసింది తప్పు కాదు. కానీ ఉంచకండమ్మా. పసుపు పొడి చిల్లినే కాదు, రేడియేటర్‌లోని సన్నటి గొట్టాలను కూడా మూస్తుంది. పైగా లోపలి ద్రవం రంగు మారిపోవడంతో అసలు లీకు వెతకడం మరింత కష్టమవుతుంది. తేటనీరు వచ్చేదాకా కడిగించి, లీకైన చోటు బాగు చేయించి, బోరు నీరు కాకుండా డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ చెరిసగం కలిపి పోయించండి. బోరు నీటిలోని లవణాలు లోపల పొరలు కడతాయి. కడిగినప్పుడు తీసిన కూలెంట్‌ను పెరట్లో పారబోయవద్దు. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలూ దూడలూ నాకుతాయి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ కొద్దిగా లోపలికి పోయినా మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం తీయగలదు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి షెడ్డువారికే అప్పగించండి.