గోడ మీది తడి చార

రాజోలు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు అమలాపురం నుంచి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పెగాసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ ఫోనులోకి ఎలా చొరబడుతుందో శ్రద్ధగా రాశావు. కానీ నీ వ్యాసానికి ఆయువుపట్టు అది కాదమ్మా. అలాంటి సరుకు అమ్మే కంపెనీ పరాయి దేశపు రాజధానిలో ఎవరి తలుపు తట్టింది, ఎవరిచేత తట్టించింది అన్నదే అసలు కథ. దాన్ని నువ్వు ‘అమెరికాలో ఒత్తిడి తేబడింది’ అనే ఒక్క వాక్యంతో దాటేశావు. ఎవరు తెచ్చారు? ఎవరి మీద? ‘బడు’ చేర్చిన ప్రతిచోటా పని చేసినవాడు చల్లగా జారుకుంటాడు.

మా నాన్నది కాలువ చివరి శివారు పొలం. దాళ్వాలో, అంటే రెండో పంటకు, వంతులవారీగా నీరు వదిలే రోజుల్లో మా వంతు నీళ్లు రాత్రికి రాత్రే ఎటో పోయేవి. కాలువ చూసుకునే లస్కరును అడిగితే షట్టరు ముట్టుకోలేదనేవాడు. ఎగువ రైతులు నిద్రలో ఉన్నామనేవారు. నాన్న ఎవరితోనూ వాదించేవాడు కాదు. తెల్లవారకముందే లాంతరు పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఎగువ తూము దగ్గరికి వెళ్లేవాడు. అక్కడ పిల్లకాలువలో నీరు తగ్గిపోయి ఉండేది. దానికి జానెడు పైన మాత్రం సిమెంటు గోడ ఇంకా తడిగా ఉండేది. రాత్రి నీరు అంతెత్తున పారిందనడానికి అదే గుర్తు. పొద్దెక్కితే ఆ చార ఆరిపోతుంది. అందుకని దాని అంచు వెంట బొగ్గుతో గీత గీసి, పక్కన తేదీ వేసేవాడు.

అమెరికాలో ఆ చార కాగితాల మీద ఉంటుంది. విదేశీయుల తరఫున అక్కడి విధానాన్ని ప్రభావితం చేయడానికి పనిచేసేవారు న్యాయ శాఖ దగ్గర నమోదు కావాలని 1938 నాటి చట్టం చెబుతుంది. ఒప్పందం, అందుకున్న డబ్బు, ఎవరిని కలిశారన్న వివరాలు దాఖలు చేయాలి. ఆ పత్రాలను ఎవరైనా చదవవచ్చు. పెగాసస్‌ను తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ ఎన్‌ఎస్‌ఓ గ్రూప్‌ను 2021 నవంబరులో అమెరికా వాణిజ్య శాఖ ఆంక్షల జాబితాలో చేర్చింది. ఆ జాబితా నుంచి బయటపడడానికి కంపెనీ వాషింగ్టన్‌లో న్యాయ సంస్థలను, డబ్బు తీసుకుని అధికారుల దగ్గర పని జరిపించే లాబీయిస్టులను పెట్టుకుంది. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి జరిగింది. సరిగ్గా నెలకు, కంపెనీ న్యాయవాది అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి బ్లింకెన్‌తో అత్యవసర సమావేశం కోరుతూ లేఖ రాశారు. ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టు. జనం భయంతో ఉన్న వేళ చూసి తలుపు తట్టడం ఈ వ్యాపారపు పద్ధతి. అది నువ్వు విశేషణాలతో చెప్పనక్కరలేదు, తేదీలే చెబుతాయి.

మన దేశంలో లాబీయింగ్‌ను నమోదు చేయించే చట్టమే లేదు. గీత గీయడానికి గోడే లేదన్నమాట. ఇది నన్ను నిజంగా కలవరపెడుతుంది. కనుక ఇక్కడ దొరికిన ప్రతి ముక్కనూ పట్టి పట్టి చదవాలి. 2021 ఆగస్టులో రాజ్యసభకు వచ్చిన జవాబునే చూడు. ఎన్‌ఎస్‌ఓతో ఎలాంటి లావాదేవీ లేదని చెప్పింది రక్షణ శాఖ, అదీ తన సంగతి మాత్రమే. నువ్వు దాన్ని ‘ప్రభుత్వం ఖండించింది’ అని రాశావు. మిగతా శాఖల గురించి అందులో ఒక్క మాట లేదు. కర్త ఎవరో తప్పు రాస్తే వాళ్లు ఇవ్వని జవాబును నువ్వే ఇచ్చినట్టవుతుంది.

మరోచోట ఐదు ఫోన్లలో పెగాసస్ దొరికిందన్నావు. సుప్రీంకోర్టు నియమించిన సాంకేతిక కమిటీ 29 ఫోన్లు పరిశీలించింది. ఐదింటిలో ఏదో మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) కనిపించింది కానీ అది పెగాసస్ అని తేలలేదు. కేంద్రం సహకరించలేదని కూడా కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో ధర్మాసనం వెల్లడించింది. ఈ మూడూ కలిపి రాయి. నీకు నచ్చిన ముక్క ఒక్కటే ఏరుకుంటే, లస్కరు మాటకూ నీ మాటకూ తేడా ఉండదు.

ఇంకొక్కటి. నీతో మాట్లాడిన ఆ ఉద్యోగి ఊరు, హోదా రెండూ తీసెయ్. మన కోనసీమలో ఆ రెండు చాలు మనిషిని గుర్తుపట్టడానికి.

రాజ్యసభ పేరా, ఫోన్ల పేరా తిరగరాసి వచ్చే వారంలోగా పంపు. ప్రతి వాక్యం పక్కనా అది ఏ పత్రంలో ఏ పేజీలో ఉందో పెన్సిలుతో రాయడం మరిచిపోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు