జీడిపిక్కల డబ్బుతో బంగారు బిస్కెట్లా?

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తున్న పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: "బంగారు నాణేలను కూడా డబ్బులా చెలామణీ కానివ్వాలని, వాటిమీద పన్నులు ఎత్తేయాలని అమెరికాలో రాన్ పాల్ అనే ఆయన బిల్లు పెట్టాడని వీడియోలో చూశాను. మన దగ్గరా అది వస్తుందట. వస్తే ఉద్దానం రైతులకు పిక్కల డబ్బు బంగారంలోనే ఇచ్చేయొచ్చు కదా. సీజను కోసం బ్యాంకులో ఉంచిన 15 లక్షలకు ఇప్పుడే బిస్కెట్లు కొనేయమంటారా? బిల్లు లేకుండా కొంటే 3 శాతం మిగులుతుందని తెలిసిన షాపాయన అంటున్నాడు."

కొనకండి. పిక్కల డబ్బు పిక్కలకే ఉంచండి.

వీడియోలో విన్నది అబద్ధం కాదు గానీ పాత కబురు. టెక్సాస్ నుంచి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన రాన్ పాల్ 2007లో, 2009లో, మళ్లీ 2011లో ఆ బిల్లు పెట్టారు. ఒక్కసారీ చట్టం కాలేదు. 2011లోనే యూటా రాష్ట్రం, అమెరికా ప్రభుత్వం ముద్రించిన బంగారు, వెండి నాణేలను చెల్లే డబ్బుగా గుర్తించింది. అయినా అక్కడివాళ్లు కిరాణా కొట్టుకు వెళ్లేది డాలర్లతోనే.

మన దగ్గర నోటుకు 1934 నాటి రిజర్వ్ బ్యాంకు చట్టం, నాణేనికి 2011 నాటి చట్టం ఉన్నాయి. ఆ చట్టాల ప్రకారం బంగారు బిస్కెట్ డబ్బు కాదు, కాబట్టి దాన్ని తీసుకుని తీరాలని ఏ రైతునూ మీరు అడగలేరు. ఆయన సరేనన్నా, ఆదాయపు పన్ను లెక్కలో మీరు బంగారం అమ్మినట్టే. పైగా 80 కిలోల బస్తాకు ఎన్ని గ్రాములని ఇద్దరూ బేరం తేల్చుకునేలోపు రెండు రేట్లూ మారిపోతాయి. రకరకాల డబ్బు పక్కపక్కన నడవడం ఈ నేలకు కొత్తేం కాదు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన తూర్పు గాంగులు ఫణాలనే చిన్న బంగారు నాణేలు వేయించారు. ఈస్టిండియా కంపెనీ కాలంలో వరహాలు, ఫణాలు, పలురకాల రూపాయలు కలగలిసి తిరిగాయి. 1835లో కంపెనీ తన ఇలాకా అంతటికీ ఒకే రూపాయి తెచ్చేదాకా నాణెం మార్చిన ప్రతిసారీ సరాఫు, అంటే నాణేలు మార్చే వ్యాపారి, వట్టం (మారకపు కోత) పట్టుకునేవాడు. బాగుపడింది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇక అసలు లెక్క. పన్ను పోతే మీకు లాభమనుకుంటున్నారు. ఇవాళ కొని రేపు పన్ను పోతే నష్టపోయేది మీరే. 15 లక్షలు పెడితే అందులో దాదాపు 43,700 ఆ 3 శాతం జీఎస్టీకే పోతుంది, మీ చేతికొచ్చే బంగారం 14.56 లక్షలది. అమ్మేటప్పుడు ఆ జీఎస్టీ ఎవరూ తిరిగివ్వరు. దిగుమతి సుంకమూ మన ధరలో కలిసే ఉంటుంది. 2024 జూలై బడ్జెట్‌లో దాన్ని 15 నుంచి 6 శాతానికి దించగానే దేశంలో ధర పడింది. కొత్తగా కొనేవాళ్లు సంబరపడ్డారు, ముందు వారం కొన్నవాళ్లు తల పట్టుకున్నారు. సుంకం 6 శాతమే ఉందనుకున్నా, అదీ పోతే ప్రపంచ ధర కదలకపోయినా, మీ బిస్కెట్ల విలువలో మరో 82 వేలు కరిగిపోతుంది. పన్ను పోతుందని గట్టిగా నమ్మేవాడు అది పోయాక కొనాలి గానీ ముందు కాదు.

రాన్ పాల్ వాదనలో ఒక ముక్కతో మాత్రం నేను ఏకీభవిస్తాను. బంగారం పెరిగిందనుకునేదాంట్లో కొంత రూపాయి విలువ తగ్గడమే, ఆ మేరకు పన్ను వేయడం సబబు కాదు. గతంలో మూడేళ్లు దాటిన బంగారం అమ్మితే ద్రవ్యోల్బణాన్ని సర్దుబాటు చేసి, మిగిలిన లాభం మీద 20 శాతం వేసేవారు. 2024 జూలై 23 నుంచి రెండేళ్లు దాటితే 12.5 శాతం, కానీ ఆ సర్దుబాటు లేదు. రేటు తగ్గింది కదా అని చాలామంది ఊరుకున్నారు. నాకది ఇప్పటికీ సబబుగా లేదు.

షాపాయన మాట వినకండి. బిల్లు లేకపోతే రేపు కొన్న ధర చూపలేరు, సోదా వస్తే ఎక్కడిదో చెప్పలేరు. ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆయనకే నిషేధం. పట్టుబడితే తీసుకున్నంతా జరిమానా కట్టాలి. ఆ సంగతి మీకు చెప్పలేదు చూశారా!

15 లక్షల్లో సీజనుకు కావాల్సినంత, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల స్వీప్ డిపాజిట్‌లో పెట్టండి. అదిపోనూ లక్షో లక్షన్నరో మిగిలితే గోల్డ్ ఈటీఎఫ్‌లో (షేర్ల మార్కెట్లో కొని అమ్ముకోగల బంగారు ఫండ్) నెలనెలా కొంచెం కొంచెంగా కొనండి. డీమ్యాట్ ఖాతా చాలు, మజూరీ లేదు, 3 శాతం మీ చేతినుంచి పోదు, ఏడాది దాటాక అమ్మితే అదే 12.5 శాతం. ప్రభుత్వం ఇచ్చిన పాత సార్వభౌమ పసిడి బాండ్లు ఇంకొకరి దగ్గర కాక, విడుదలైనప్పుడే నేరుగా కొని ఉంటే గడువుదాకా కదపకండి, అప్పుడొచ్చే లాభానికి పన్ను లేదు. ఇంట్లో పెళ్లికి నగలు కావాలంటే అది వేరే లెక్క. ఎప్పటికి కావాలో, ఇప్పటికే ఎన్ని తులాలున్నాయో రాసి పంపండి.