నార్స్ గాథల్లో అందరికన్నా గొప్ప వీరుడు ఎవరు? నా సమాధానం: సిగుర్డ్

నార్స్ పురాణాల్లో, అంటే పాత స్కాండినేవియా గాథల్లో, అందరికన్నా గొప్ప యోధుడు థోరా, లేక వైకింగు రాజు రాగ్నార్ లోడ్‌బ్రోకా అని మీరు అడిగారు. ఇద్దరూ కారని, ఆ స్థానం వోల్సుంగ వంశంలో పుట్టిన సిగుర్డ్‌దేనని నేను గట్టిగా నమ్ముతాను. థోర్ దేవుడు, దేవుడి బలాన్ని, చావు తప్పని మనిషి సాహసాన్ని ఒకే త్రాసులో తూచకూడదు. సినిమాల పుణ్యమా అని నార్స్ వీరుడంటే సుత్తి పట్టుకున్న థోరేనని మన పిల్లలకు స్థిరపడిపోయింది. కొమ్ముల శిరస్త్రాణం సంగతి కూడా అలాంటిదే. 1876లో బైరాయిట్‌లో ఆడిన ఒపెరాకు కుట్టిన దుస్తుల వల్ల ప్రచారంలోకి వచ్చిన ఆ కొమ్ములను వైకింగులు యుద్ధానికి పెట్టుకునేవారని ఇప్పటికీ దుకాణాల్లో ప్లాస్టిక్ బొమ్మలుగా అమ్ముతున్నారు. చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. రాగ్నార్ గురించి చివర చెబుతాను.

సిగుర్డ్ పేరు ఎత్తగానే ఫాఫ్నిర్ అనే మహాసర్పాన్ని చంపినవాడని అందరూ అంటారు. నా దృష్టిలో అది అతని పనులన్నిటిలోనూ చిన్నది. ఫాఫ్నిర్ పుట్టుకతో సర్పం కాదు, మనిషి. శాపగ్రస్తమైన బంగారం కోసం కన్నతండ్రిని చంపి, ఆ బంగారం మీద పడుకుని పడుకుని సర్పమైపోయినవాడు. అతని తమ్ముడు రెగిన్ కమ్మరి, సిగుర్డ్‌ను పెంచినవాడు. తండ్రి సిగ్మండ్ వాడిన కత్తి విరిగిపోతే, తల్లి దాచి ఉంచిన ఆ ముక్కలను కలిపి రెగినే గ్రామ్ అనే కత్తిని చేసి ఇచ్చాడు. కొలిమి దగ్గరే దిమ్మెను నిలువునా చీల్చిన ఆ కత్తి, ఏటి నీటిలో కొట్టుకువచ్చిన ఉన్నిపోగును కూడా తెగకోసిందట. ఆ తరువాత సిగుర్డ్ చేసినదల్లా, సర్పం నీళ్లకు వెళ్లే దారిలో గొయ్యి తవ్వి, అందులో కూర్చుని, అది పైనుంచి పాకుతుండగా కింది నుంచి గుండెలో పొడవడమే. మాటు వేసి చంపడం అది. ధైర్యం లేనిదే చేయలేం, కానీ ఆ ధైర్యం ఉన్న వీరులు ఆ గాథల్లో చాలామంది ఉన్నారు.

ఈ అభిప్రాయం నాకు చదవడం వల్ల ఏర్పడినది కాదు, ఒక బండను చూడడం వల్ల ఏర్పడింది. నేను స్వీడన్‌లో వెస్తెరోస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నగారు మా దగ్గరకు వచ్చిన వేసవిలో ఆయనను మెలారెన్ సరస్సుకు దక్షిణాన, ఎస్కిల్‌స్టూనాకు దగ్గరలో, సుంద్బీహోల్మ్ కోట పక్కన ఉన్న రామ్‌సుండ్ బండ దగ్గరకు తీసుకువెళ్లాను. 1030 ప్రాంతంలో చెక్కిన ఆ శిల్పం దాదాపు ఐదు మీటర్ల వెడల్పున, నేలలోంచి పైకి లేచిన రాతి మీద ఉంటుంది. ఫాఫ్నిర్ శరీరమే ఒక పొడవాటి పట్టీగా సాగి, మిగిలిన బొమ్మలన్నిటినీ చుట్టుకుంటుంది. ఆ శరీరం మీదనే రూనిక్ అనే పాత స్కాండినేవియా లిపి అక్షరాలు చెక్కారు. పట్టీ బయట, కింద నిలబడి సిగుర్డ్ కత్తిని పైకి దూస్తున్నాడు. లోపల తల తెగిన రెగిన్, అతని చుట్టూ సుత్తి, పటకారు, కొలిమితిత్తి. చెట్టుకు కట్టేసి ఉన్న గ్రానీ అనే గుర్రం, ఆ చెట్టు మీద పక్షులు. గీతలకు ఇప్పుడు కనిపించే ఎర్రరంగు మన కాలపు వారు సులభంగా చదవడానికి నింపినదే. కొందరికి ఆ రంగు నచ్చదు కానీ, అది లేకపోతే మధ్యాహ్నపు ఎండలో మాకు సగం బొమ్మలు కనిపించేవి కావు.

మాది పల్నాడు. కారంపూడి వీరుల గుడి, ఊరి పొలిమేరల్లో వీరగల్లులు చూస్తూ పెరిగిన మనిషి మా నాన్నగారు. బండ చుట్టూ నింపాదిగా తిరిగి, "చచ్చిపోయినాయన బొమ్మ ఏదమ్మా ఇందులో?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు అంతకు ముందు తట్టనే లేదు. వీరగల్లు మీద చనిపోయిన వీరుడే ఉంటాడు, అతని చేతిలో కత్తి ఉంటుంది. ఇక్కడ అక్షరాలు చెప్పేది వేరు: ఓర్మ్ కూతురు, ఆల్రిక్ తల్లి అయిన సిగ్రిడ్ అనే స్త్రీ, తన భర్త, సిగ్రోడ్ తండ్రి అయిన హోల్మ్‌గేర్ ఆత్మ కోసం ఈ వంతెన కట్టించిందని. అంటే ఇది క్రైస్తవం స్వీకరించిన కుటుంబం చేయించిన పుణ్యకార్యపు శాసనం. భర్త ఆత్మశాంతికి వంతెన కట్టించిన స్త్రీ, ఆ శాసనం చుట్టూ పాత మతకాలపు సిగుర్డ్ కథ ఎందుకు చెక్కించింది?

సిగ్రోడ్ అనే పేరుకూ సిగుర్డ్ అనే పేరుకూ ఉన్న పోలిక వల్లనే అనే వాదన ఉంది. నేను ఒప్పుకోను. పేరు గుర్తుకు రావడానికి సర్పవధ ఒక్కటి చెక్కితే సరిపోయేది. మా నాన్నగారు వంగి, బొమ్మల మధ్యలో ఒకదాన్ని చూపించి, "ఈ పిల్లవాడు వేలు నోట్లో పెట్టుకున్నాడేమిటి?" అన్నారు. అది కూడా సిగుర్డే. ఆ బండ మీద వీరత్వం అంటే ఏమిటో చెప్పే బొమ్మ అదేనని నా అభిప్రాయం. ఫాఫ్నిర్ గుండెను కాల్చి పెట్టమని రెగిన్ అడుగుతాడు. ఉడికిందో లేదో చూద్దామని సిగుర్డ్ వేలితో తాకి, చురుక్కుమనగానే వేలు నోట్లో పెట్టుకుంటాడు. సర్పరక్తం నాలుకకు తగలగానే చెట్టు మీది పక్షుల మాటలు అతనికి అర్థమవుతాయి. రెగిన్ సిగుర్డ్‌ను చంపబోతున్నాడు, ఆ బంగారమంతా తానే తీసుకోబోతున్నాడు అని అవి చెప్పుకుంటున్నాయి. పెంచినవాడే తన చావు కోరుతున్నాడని తెలిసిన క్షణం అది. బండ మీద రెగిన్ తల తెగి ఉన్నది అందుకే.

శిల్పి ఇక్కడ యుద్ధాన్ని పట్టీ బయటకు నెట్టి, తెలుసుకోవడాన్ని లోపల పెట్టాడు. ఇది నా ఊహ మాత్రమే కాదనడానికి నాకు మరో ఆధారం ఉంది. నార్వేలో సెటెస్‌దాల్ లోయలోని హ్యూలెస్టాడ్ అనే చెక్క చర్చి ద్వారబంధాల మీద, దాదాపు రెండు శతాబ్దాల తరువాత ఇదే కథ చెక్కారు. ఆ బల్లలు ఇప్పుడు ఓస్లోలో, చారిత్రక మ్యూజియం భద్రతలో ఉన్నాయి. అక్కడా సిగుర్డ్ సీకుకు గుచ్చిన గుండె ముక్కలను నిప్పు మీద పట్టుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకునే ఉన్నాడు. దేశం వేరు, కాలం వేరు, ఒకటి రాయి, ఒకటి కొయ్య. అయినా చేతివృత్తివారు ఈ క్షణాన్ని వదులుకోలేదు.

ఇక అతన్ని నేను అందరికన్నా పైన పెట్టడానికి అసలు కారణం గ్రీపిర్ దగ్గర జరిగిన సంభాషణ. ఎడ్డా అనే పాత ఐస్‌లాండ్ పద్య సంకలనంలో ఉన్న ఈ ఘట్టాన్ని మనవాళ్లు ఎవరూ చెప్పరు. సిగుర్డ్ ఇంకా ఏ పనీ మొదలు పెట్టకముందే, జరగబోయేది తెలిసిన మేనమామ గ్రీపిర్ దగ్గరకు వెళ్లి తన జీవితం ఎలా నడుస్తుందని అడుగుతాడు. గ్రీపిర్ మంచి అంతా చెప్పి, ఒకచోట ఆగిపోతాడు. చెప్పమని సిగుర్డ్ పట్టుబడతాడు. అప్పుడు మిగిలినదంతా బయటకు వస్తుంది: బ్రూన్‌హిల్డ్ అనే యువతికి పెళ్లాడతానని మాట ఇస్తావు, గ్రిమ్‌హిల్డ్ అనే రాణి కపటం వల్ల ఆమెను మరచిపోతావు, ఆ గ్రిమ్‌హిల్డ్ కూతురు గుడ్రూన్‌ను పెళ్లాడతావు, గుడ్రూన్ సోదరుడు గున్నార్ రూపం ధరించి బ్రూన్‌హిల్డ్‌ను అతనికే భార్యగా తెస్తావు, చివరకు బావమరదుల కుట్రకు బలి అవుతావు. అంతా విన్న ఆ యువకుడు కోపగించుకోలేదు, తప్పించుకునే దారి అడగలేదు. విధిని ఎవరూ జయించలేరని ఒప్పుకుని, నీకు వీలైతే నాకు ఇంతకన్నా మంచి మాటలే చెప్పి ఉండేవాడివని గ్రీపిర్‌నే ఓదార్చి వెళతాడు. తన చావు కబురు చెప్పిన మనిషిని ఓదార్చిన యోధుడు ఇంకెక్కడైనా ఉంటే నాకు చూపించండి.

అతను అమాయకుడని, గ్రిమ్‌హిల్డ్ ఇచ్చిన మరపు పానీయం తాగి మోసపోయాడని తేలికగా మాట్లాడేవారిని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఇతను వాళ్ల అర్జునుడా, కర్ణుడా అని అడిగేవారూ ఉన్నారు. ఒక జాతి తన వీరుడిని తన మాటల్లో చెప్పుకున్నప్పుడు ముందుగా ఆ మాటలు వినాలి కదా. గున్నార్ రూపంలో బ్రూన్‌హిల్డ్ పక్కన పడుకున్న మూడు రాత్రులూ సిగుర్డ్ ఇద్దరి మధ్య దూసిన కత్తి పెట్టాడు. గున్నార్‌తోను, అతని సోదరుడు హోగ్నితోను చేసిన ప్రమాణాన్ని అతను ఒక్కసారీ తప్పలేదు. ప్రమాణానికి కట్టుబడినందువల్ల తాము స్వయంగా చంపలేక, ఏ ప్రమాణమూ చేయని తమ్ముడు గుథోర్మ్‌కు తోడేలు మాంసం, పాము మాంసం తినిపించి, అతన్ని ఉసిగొల్పినది వాళ్లు. సిగుర్డ్ వంశం కథను వచనంలో చెప్పే వోల్సుంగ సాగా ప్రకారం నిద్రలో పొడిచారు. చావబోతూ సిగుర్డ్ విసిరిన గ్రామ్ పారిపోతున్న గుథోర్మ్‌ను రెండు ముక్కలు చేసింది. హత్య ఎక్కడ జరిగిందన్న దానిపై పాఠాలు వేరువేరుగా ఉన్నాయి: కొందరు పడకలో అంటారు, కొందరు ఆరుబయట అంటారు, జర్మన్లు అడవిలో అంటారు. ఆ తేడాలన్నీ రాసిపెట్టిన ఎడ్డా లేఖకుడు, నమ్మకద్రోహం చేసి, అతను సిద్ధంగా లేనప్పుడు చంపారన్న విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట అంటాడు.

ఆ కథలో కీలకభాగాన్ని పద్యాల్లో చదివే భాగ్యం మనకు లేకపోవడం నాకు తీరని వెలితి. 1270ల్లో ఐస్‌లాండ్‌లో రాసిన, ఎడ్డా పద్యాలున్న కోడెక్స్ రెజియస్ అనే చేతిరాత ప్రతిలో సరిగ్గా సిగుర్డ్, బ్రూన్‌హిల్డ్‌ల ఘట్టం దగ్గరే ఎనిమిది ఆకులు పోయాయి. డెన్మార్క్ 1971లో ఆ ప్రతిని ఓడలో తిరిగి పంపినప్పుడు రెయిక్యావిక్ రేవుకు జనం తరలివచ్చారు. పోయిన ఆకులు మాత్రం దొరకలేదు. ఆ ఖాళీని మనం వోల్సుంగ సాగా వచనంతో పూరించుకోవలసిందే.

ఇక రాగ్నార్. అతని గాథ చదివితే మీ ప్రశ్నకు అందులోనే జవాబు దొరుకుతుంది. అతని భార్య అస్లౌగ్ పేదవాళ్ల ఇంట్లో పెరిగిన పిల్లగా కనిపిస్తుంది. రాగ్నార్ ఆమెను వదిలి ఒక రాజకుమార్తెను చేసుకోబోతే, తాను సిగుర్డ్‌కూ బ్రూన్‌హిల్డ్‌కూ పుట్టిన కూతురినని అప్పుడు బయటపెడుతుంది. అందుకు గుర్తుగా తనకు పుట్టబోయే కొడుకు కంటిలో పాము ఆకారం ఉంటుందని చెబుతుంది, అలాగే పుడతాడు. అతనికి తాత పేరే, సిగుర్డ్ అని పెడతారు. రాగ్నార్ ఆ రెండో పెళ్లి ఆలోచన మానుకుంటాడు. నార్వేను ఏకం చేసిన హరాల్డ్ రాజు వంశావళిలో కూడా ఐస్‌లాండ్ చరిత్రకారులు తల్లి వైపు నుంచి ఈ పాముకన్ను సిగుర్డ్‌నే చేర్చారు.